జానెడు గాలిని కొలవడం

బెంగళూరు మురుగేశ్‌పాళ్యలో విండ్ టన్నెల్ రోడ్ అని ఒకటుంది. మారతహళ్లి చుట్టుపక్కల పీజీల్లో, ఫ్లాట్లలో ఉండే తెలుగువాళ్లు చాలామంది ఆ పేరు ఆటోవాళ్లకు చెప్పే ఉంటారు, మ్యాప్‌లో కొట్టే ఉంటారు, కానీ ఆ టన్నెల్ ఏమిటో, అందులో ఏం జరుగుతుందో అడిగినవాళ్లు తక్కువ. ఆ పక్కనే నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్ బేలూరు క్యాంపస్ ఉంది. అక్కడి 1.2 మీటర్ల ట్రైసోనిక్ టన్నెల్ 1967లో పని మొదలుపెట్టింది. ధ్వని వేగానికి తక్కువలోనూ, దాని దరిదాపుల్లోనూ, దానికి చాలా పైనా గాలిని పరుగెత్తించి, మధ్యలో విమానం నమూనా నిలబెట్టి, గాలి దాన్ని ఎంత బలంతో తోస్తుందో కొలిచే చోటు అది. ఇలాంటి చోట మామూలుగా అడిగే ప్రశ్న, గాలి విమానాన్ని ఏం చేస్తుంది అని. దాని పక్కనే ఇంకో ప్రశ్న ఉంది, బయటివాళ్లకు పెద్దగా తెలియనిది: విమానం వల్ల చెదిరిపోయిన ఆ గాలి, తనలోంచి దాటి వెళ్లే వెలుగును ఏం చేస్తుంది?

వెలుగు అంటే ఇక్కడ ముఖ్యంగా లేజర్. విమానం నుంచి ఉపగ్రహానికో ఇంకో విమానానికో లేజర్‌తో డేటా పంపాలన్నా, దూరంగా ఉన్నదాన్ని స్పష్టంగా ఫొటో తీయాలన్నా, శత్రువు క్షిపణిని కాల్చాలన్నా ఆ వెలుగు ముందు దాటాల్సింది విమానం ఒంటిని అంటుకుని పారే గాలినే. ఈ శాస్త్రాన్ని ఏరో ఆప్టిక్స్ అంటారు. ఇందులో చెప్పాల్సిన అసలు సంగతి ఏమిటంటే, కిలోమీటర్ల కొద్దీ ఉన్న వాతావరణం కన్నా విమానాన్ని ఆనుకుని ఉన్న జానెడు గాలి ఒక్కోసారి ఎక్కువ చెరుపు చేస్తుంది, ఆ చెరుపు ఎంతో తెలుసుకోవడానికి గాల్లోకి ఎగిరి కొలవడం తప్ప నమ్మదగిన దారి లేదు, ఎగిరి కొలిచినా వచ్చిన అంకెలో ఎంత గాలిది, ఎంత విమానం వణుకుది అన్నది విడదీయకపోతే ఆ అంకెకు విలువ లేదు.

ముందు గాలి వెలుగును ఎలా వంచుతుందో చూద్దాం. టిఫిన్ సెంటర్‌లో దోసె వేయకముందు పెనం ఖాళీగా కాగుతున్నప్పుడు, దాని మీదుగా అవతలి గోడకు రాసిన ధరల పట్టిక చూడండి, అక్షరాలు ఈదుతున్నట్టు కదులుతుంటాయి. వేసవిలో కర్నూలు రోడ్డు మీద నీళ్లు నిలిచినట్టు కనపడే ఎండమావి కూడా అదే కుటుంబం. వేడెక్కిన గాలి పలచబడుతుంది, పలచని గాలిలో వెలుగు కాస్త వేగంగా పోతుంది, చిక్కని గాలిలో కాస్త నెమ్మదిగా పోతుంది, ఆ తేడా వల్ల దారి వంగుతుంది. సముద్ర మట్టం దగ్గర గాలి వక్రీభవన గుణకం, అంటే శూన్యంలో కన్నా వెలుగు ఎంత నెమ్మదిస్తుందో చెప్పే అంకె, సుమారు 1.00028. శూన్యానికి ఉండే 1 నుంచి అది ఎంత దూరంలో ఉందో ఆ కొసరు, గాలి సాంద్రతకు నేరుగా అనులోమంగా ఉంటుంది. ఈ సంబంధాన్ని 19వ శతాబ్దం మధ్యలో గ్లాడ్‌స్టన్, డేల్ అనే ఇద్దరు బ్రిటిష్ శాస్త్రవేత్తలు తేల్చారు, ఇప్పటికీ వాళ్ల పేరుతో ఉన్న స్థిరాంకాన్నే వాడుతున్నారు.

విమానం దగ్గర పెనం లేదు, కానీ వేగం ఉంది. గాలి ఒక గుండ్రటి బొడిపె మీదుగా పరుగెత్తినప్పుడు ఒత్తిడి పడిపోతుంది, వెనకవైపు అది ఉపరితలాన్ని వదిలేసి సుళ్లు తిరుగుతుంది, ప్రతి సుడి నడుమ ఒత్తిడి తగ్గుతుంది, ఒత్తిడితో పాటు సాంద్రతా తగ్గుతుంది. అంటే ప్రతి సుడీ ఒక చిన్న కటకం లాంటిది. అలాంటి కటకాలు వందలు వరసకట్టి, సెకనుకు రెండు వందల మీటర్ల వేగంతో లేజర్ కిటికీ ముందు నుంచి దూసుకుపోతుంటాయి.

లెక్క వేసి చూస్తే విషయం గట్టిగా తెలుస్తుంది. 10 కిలోమీటర్ల ఎత్తులో గాలి సాంద్రత ఘనపు మీటరుకు సుమారు 0.41 కిలోలు, నేల మీద ఉండేదానిలో మూడో వంతు. అందులో 2 శాతం హెచ్చుతగ్గు, 10 సెంటీమీటర్ల మందాన ఉందనుకుందాం. గ్లాడ్‌స్టన్ డేల్ స్థిరాంకంతో గుణిస్తే, ఆ ముక్కలోంచి పోయిన వెలుగుకూ పక్కనుంచి పోయిన వెలుగుకూ మధ్య దారిలో వచ్చే తేడా సుమారు 0.19 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). మనిషి వెంట్రుక మందంలో మూడు నాలుగు వందల వంతు. ఇంత చిన్నదానికా ఇంత గొడవ అనిపిస్తుంది కదా. కానీ వెలుగు విషయంలో పోల్చాల్సింది వెంట్రుకతో కాదు, దాని తరంగదైర్ఘ్యంతో. 1 మైక్రాన్ తరంగదైర్ఘ్యం ఉన్న లేజర్‌కు, కిరణం వెడల్పు అంతటా సగటు తేడా ఈ 0.19 మైక్రాన్లే అయితే, దూరంగా లక్ష్యం మీద పడే చుక్క నడుమ తీవ్రత, తేడా ఏమీ లేనప్పుడు ఉండాల్సినదానిలో నాలుగో వంతుకు పడిపోతుంది. లేజర్ శక్తి తగ్గలేదు, ఒక్క వాటు కూడా ఎక్కడికీ పోలేదు. చుక్కలా పడాల్సింది మరకలా పరుచుకుంది, అంతే.

ఆ దెబ్బ దూరంగా తగలడానికి కారణం ఈ గాలి కిరణం పుట్టే చోటే ఉండటం. లక్ష్యం దగ్గర చెదిరితే కిరణం పరుచుకునే దూరం ఉండదు, కిటికీ దగ్గరే చెదిరితే ఆ వంకర మిగతా దారంతా పెరుగుతూ పోతుంది. తుపాకీ గొట్టం మొదట్లో ఒక వెంట్రుకవాసి పక్కకు తిరిగితే ఏమవుతుందో అలాంటిదే ఇది.

ఈ తరంగదైర్ఘ్యం సంగతి దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే ఈ రంగం ఒకసారి దాదాపు చల్లబడి మళ్లీ లేవడానికి కారణం అదే. అమెరికా వైమానిక దళం 1970లలో, 80లలో ఒక కేసీ 135 విమానంలో కార్బన్ డయాక్సైడ్ లేజర్ పెట్టి ఎగరేసింది. ఎయిర్‌బోర్న్ లేజర్ లేబొరేటరీ అని దాని పేరు. 1983లో అది ఐదు సైడ్‌వైండర్ క్షిపణులను గాల్లోనే దెబ్బతీసింది. ఆ లేజర్ తరంగదైర్ఘ్యం 10.6 మైక్రాన్లు. పైన వేసిన లెక్కే దీనికి వేయండి, అదే 0.19 మైక్రాన్ల తేడాకు తీవ్రతలో పోయేది దాదాపు 1 శాతం. అంత పెద్ద అలకు ఈ చిన్న గతుకులు తగలవు, లారీ చక్రానికి చిన్న గుంత తగలనట్టు. దాంతో విమానం పక్కని గాలి పెద్ద సమస్య కాదన్న అభిప్రాయం బలపడింది.

కానీ పెద్ద తరంగదైర్ఘ్యానికి ఒక శాపం ఉంది. ఒకే అద్దంతో కిరణాన్ని ఎంత చిన్న చుక్కగా చేయగలమన్నది తరంగదైర్ఘ్యం మీద ఆధారపడుతుంది, అది పదో వంతైతే చుక్క వెడల్పూ పదో వంతవుతుంది, చుక్క నడుమ తీవ్రత వంద రెట్లవుతుంది. అందుకే అందరూ 1 మైక్రాన్ వైపు వచ్చారు. బోయింగ్ 747 ముక్కులో లేజర్ టరెట్ (కిరణాన్ని కావాల్సిన దిక్కుకు తిప్పే గుండ్రటి బొడిపె) పెట్టి ఎగరేసిన వైఎఎల్ 1 వాడింది 1.3 మైక్రాన్ల లేజర్. అది 2010 ఫిబ్రవరి 11న కాలిఫోర్నియా తీరంలో, అప్పుడే పైకి లేస్తున్న ఒక బాలిస్టిక్ క్షిపణిని ధ్వంసం చేసింది, 2011 చివర్లో ఆ పథకాన్ని ఆపేశారు. పైన లెక్క దీనికి వేస్తే తీవ్రత సగం కన్నా కాస్త తక్కువకు పడిపోతుంది. ఆకుపచ్చ లేజర్‌కు, అంటే 0.532 మైక్రాన్లకు వేస్తే 1 శాతం కూడా మిగలదు. గాలి అదే, సుళ్లు అవే, మారింది వెలుగు రంగు ఒక్కటే. చుక్కను చిన్నది చేయాలని వెళ్లిన దారే గాలి గతుకులను పెద్దవి చేసింది.

వేగం సంగతి కూడా ఇంతే కఠినం. సుడిలో ఒత్తిడి ఎంత పడిపోతుందన్నది వేగం వర్గంతో పోతుంది కాబట్టి, ధ్వని వేగం కన్నా తక్కువ వేగాల్లో సాంద్రత మార్పు మాక్ సంఖ్య (విమానం వేగం ధ్వని వేగానికి ఎన్నో వంతో చెప్పే అంకె) వర్గంతో పెరుగుతుంది. మాక్ 0.4 నుంచి 0.8కి పోతే చెరుపు నాలుగు రెట్లు. ప్రయాణికుల జెట్ మామూలుగా ఎగిరేది 0.8 దగ్గరే.

ఇక కొలత. ఇక్కడ బెంగళూరుకు ఒక పాత సంబంధం ఉంది, ఇది తెలుసుకోవాల్సిన విషయం. గాలి పొరలోంచి పోయే వెలుగు ఎంత వంగుతుంది, ఎంత చెదురుతుంది అని 1952లో లెక్క కట్టిన తొలివాళ్లలో హాన్స్ లీప్‌మన్ ఒకరు, కాల్టెక్ ఆచార్యుడు. ఆయన దృష్టి అప్పుడు ఆయుధాల మీద కాదు, విండ్ టన్నెల్‌లో తీసే ఫొటోలు ఎంతవరకు స్పష్టంగా రాగలవన్నదాని మీద. ఆయన దగ్గర పీహెచ్‌డీ చేసిన శిష్యుడే సతీశ్ ధవన్, తర్వాత బెంగళూరు ఐఐఎస్‌సీ డైరెక్టరు, ఇస్రో అధ్యక్షుడు, శ్రీహరికోట కేంద్రానికి ఇవాళ ఉన్న పేరు ఆయనదే. ఇంకో శిష్యుడు రొద్దం నరసింహ, 1984 నుంచి 1993 దాకా నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్‌ను నడిపిన మనిషి. ఉపరితలాన్ని అంటుకుని పారే పలచని గాలి పొరను, అంటే బౌండరీ లేయర్‌ను, జీవితమంతా చదివిన వాళ్లు ఈ ఊళ్లో ఉండేవారు. వెలుగును చెరిపేది ఆ పొరే.

మరి ఎలా కొలుస్తారు? మొదటి పద్ధతి చాలా అందమైనది, తేలికైనది కూడా. ఒకటి రెండు మిల్లీమీటర్ల సన్నటి లేజర్ కిరణాన్ని గాలి పొరలోంచి అడ్డంగా పంపి, అవతల అది ఎటు ఎంత ఊగుతుందో ఒక సెన్సర్ మీద చూస్తారు. సుడి దాటినప్పుడల్లా కిరణం ఇటూ అటూ ఊగుతుంది. ఆ ఊపు, ఆ చోట తరంగాగ్రం, అంటే వెలుగు అల ముందు అంచు, ఎంత వాలి ఉందో చెబుతుంది. సుళ్లు ఆకారం పెద్దగా మారకుండా గాలితో పాటు కొట్టుకుపోతున్నాయి అనుకుంటే, కాలంతో మారే ఊపును వేగంతో గుణించి కూడుకుంటూ పోతే మొత్తం తరంగాగ్రం ఆకారం బయటపడుతుంది. నదిలో నిలబెట్టిన ఒక్క కర్ర దగ్గర నీటి మట్టం రాసుకుంటూ, ప్రవాహం వేగం తెలిస్తే, పైనుంచి వస్తున్న అలలన్నిటి ఆకారం గీయగలగడం లాంటిది ఇది. ఆ వేగం కోసం పక్కపక్కనే రెండు కిరణాలు పంపుతారు: అవి 5 మిల్లీమీటర్ల దూరంలో ఉండి, మొదటి కిరణం చూసిన ఊపు రెండోదానికి 25 మైక్రోసెకన్ల తర్వాత వస్తే, సుళ్లు సెకనుకు 200 మీటర్ల వేగంతో పోతున్నాయని అర్థం. 1992లో ఈ ఆలోచనను ముందుకు తెచ్చినవాళ్లలో ఒకరి పేరు మీద దీన్ని మాలీ ప్రోబ్ అంటారు.

రెండో పద్ధతి షాక్ హార్ట్‌మన్ సెన్సర్. వెడల్పాటి కిరణాన్ని వందల చిన్నచిన్న కటకాల పలక మీద పడేస్తారు, ఒక్కో కటకం ఒక్కో చుక్కను కెమెరా మీద వేస్తుంది, తరంగాగ్రం ఎక్కడ వాలితే అక్కడి చుక్క పక్కకు జరుగుతుంది. గాలి లేనప్పుడు తీసిన చుక్కల చిత్రంతో పోల్చి మొత్తం ఆకారం కడతారు. దీనికి సెకనుకు వేలు, పదివేల ఫ్రేములు తీసే కెమెరా కావాలి, ఎందుకంటే 10 సెంటీమీటర్ల కిటికీ ముందు నుంచి 200 మీటర్ల వేగంతో పోయే సుడి అర మిల్లీసెకనులో దాటిపోతుంది. అలాంటి కెమెరాలు అందుబాటులోకి వచ్చాకే ఈ రంగం నిజంగా పరుగందుకుంది.

ఇదంతా టన్నెల్‌లోనే చేయొచ్చు కదా, ఎగరడం ఎందుకు? చేస్తారు, చేయాలి కూడా. కానీ టన్నెల్‌కు గోడలున్నాయి, ఆ గోడలకు వాటి సొంత గాలి పొరలున్నాయి, కిరణం నమూనా మీది పొరతో పాటు అవతలి గోడ మీది పొరను కూడా దాటాలి, దాన్ని తీసేయడం ఒక పెద్ద లెక్క. గొట్టంలో శబ్దం అటూ ఇటూ కొట్టుకుంటుంది, శబ్దమూ సాంద్రత మార్పే కాబట్టి అదీ కొలతలో పడుతుంది. నమూనా చిన్నది, చూసే కోణాలు కొన్నే. వీటన్నిటి మధ్య మనకు కావాల్సిన జానెడు గాలి వంతు ఎంతో విడదీయడం, పెళ్లి పందిట్లో ఒక్క మనిషి గొంతు వినడం లాంటిది.

అందుకే అమెరికాలోని నోటర్ డామ్ విశ్వవిద్యాలయంలో ఎరిక్ జంపర్, స్టానిస్లావ్ గోర్దెయెవ్‌ల బృందం 2000ల చివర్లో రెండు విమానాలతో ఒక ప్రయోగశాల కట్టింది. ఎయిర్‌బోర్న్ ఏరో ఆప్టిక్స్ లేబొరేటరీ. రెండు సెస్నా సైటేషన్ జెట్లు సుమారు 50 మీటర్ల ఎడంలో జతగా ఎగురుతాయి. ఒకదానిలోంచి ఆకుపచ్చ లేజర్ బయలుదేరుతుంది, రెండోదానికి పక్కన 30 సెంటీమీటర్ల వెడల్పున్న బొడిపె లాంటి టరెట్ ఉంటుంది, దానికి 10 సెంటీమీటర్ల కిటికీ, లోపల సెన్సర్లు. కిరణాన్ని బయటికి పంపే బదులు లోపలికి తీసుకుంటున్నారన్నమాట. వెలుగు ఏ దిక్కున పోయినా గాలి చేసే వంకర ఒకటే కాబట్టి ఇది చెల్లుతుంది. పంపే విమానం దగ్గర కిరణం చాలా సన్నగా ఉంటుంది, అక్కడి సుళ్లు దానికన్నా చాలా పెద్దవి, కాబట్టి ఆ పొర దాన్ని కాస్త పక్కకు తిప్పగలదు గానీ ఆకారం చెడగొట్టలేదు. దారిలో విచ్చుకుంటూ వచ్చి, టరెట్ చేరేసరికి కిటికీ కన్నా వెడల్పవుతుంది. ఇంత బాగా ఆలోచించిన అమరిక ఈ రంగంలో ఇంకొకటి లేదని గట్టిగా చెప్పొచ్చు. పక్క విమానం కాస్త ముందుకో వెనక్కో పైకో జరిగితే చాలు, టరెట్ చూసే కోణం మారిపోతుంది, ఒక్క ఎగురుడులో ఎన్నో కోణాలు దొరుకుతాయి. తర్వాతి దశలో మరింత వేగం కోసం ఫాల్కన్ 10 జెట్లకు మారారు.

ఇప్పుడు అసలు కష్టం. ఆ సెన్సర్ నుంచి వచ్చింది గాలి ఒక్కదాని కథ కాదు. ఇంజిన్ వణుకు ఉంది, అద్దాలను పట్టుకున్న బిగింపుల వణుకు ఉంది, రెండు విమానాలూ ఒకదానికొకటి ఎప్పుడూ జరుగుతూనే ఉంటాయి. వణుకు వల్ల కిరణం మొత్తం ఒకేసారి పక్కకు వాలుతుంది, ఆకారం మారదు. గాలి వల్ల కూడా కొంత వాలు వస్తుంది, దానితో పాటు ఆకారమూ మారుతుంది. ఈ రెండు వాలుల్లో ఏది ఎవరిదో చెప్పలేక, లెక్కలో వాలు మొత్తాన్నీ తీసేయడం అలవాటు. మిగిలినదాన్ని గాలి చేసిన వంకర అని రాస్తారు. ఇది అర్థం చేసుకోదగ్గ పనే, కానీ ఇందులో గాలి తెచ్చిన నిజమైన వాలు కూడా కొట్టుకుపోతుంది. ఆయుధానికైనా డేటా లింకుకైనా ఆ వాలు నిజంగానే తగులుతుంది, చుక్క లక్ష్యం మీద వణుకుతుంది. కాబట్టి ఏ నివేదికలో అయినా సగటు వంకర ఇంత మైక్రాన్లు అని కనపడితే మొదట చూడాల్సింది, వాలు తీసేశాక వచ్చిందా తీయకముందు వచ్చిందా అని. అది చెప్పని అంకెను పక్కన పెట్టడమే మంచిది.

పౌనఃపున్యంతో విడదీయొచ్చు కదా అంటారు కొందరు, యంత్రాల వణుకు తక్కువ పౌనఃపున్యంలో ఉంటుంది, సుళ్లు వేల హెర్ట్జ్‌లో ఉంటాయి, కింద భాగం కోసేస్తే సరి అని. చదునైన ఉపరితలం మీది పలచని పొరకైతే ఇది బాగానే పనిచేస్తుంది. టరెట్ వెనక మాత్రం కాదు. 30 సెంటీమీటర్ల బొడిపె వెనక పెద్ద సుళ్లు విడిపోయేది సెకనుకు వందల సార్లే, విమానం వణుకూ అక్కడే కూర్చుని ఉంటుంది. అక్కడ కత్తెర వేస్తే రెండూ తెగుతాయి.

కిటికీ వెడల్పు ఇంకో చిక్కు. కిటికీ కన్నా పెద్ద సుడి లోపలికి వాలులా కనపడుతుంది తప్ప వంకరలా కాదు, వాలు తీసేస్తాం కాబట్టి ఆ సుడి లెక్కలో లేనట్టే. కిటికీ పెద్దది చేస్తే అదే గాలి ఎక్కువ చెడ్డగా కనపడుతుంది. అందుకే చిన్న టరెట్ మీది ఫలితాన్ని పెద్దదానికి మార్చాలంటే కిటికీకీ టరెట్‌కూ ఉన్న నిష్పత్తి అలాగే ఉంచాలి, అప్పుడే వంకర సాంద్రతతోనూ, మాక్ సంఖ్య వర్గంతోనూ, టరెట్ వ్యాసంతోనూ అనులోమంగా మారుతుందన్న సూత్రం నిలబడుతుంది. డేటా లింకులకు వాడే రెండు మూడు సెంటీమీటర్ల చిన్న కిటికీలకు ఇదే వరమైంది, వాటికి చాలావరకు వాలే తగులుతుంది, దాన్ని ఒక చిన్న అద్దాన్ని వేగంగా తిప్పి సరిచేయొచ్చు.

ఇన్ని జాగ్రత్తలతో కొలిస్తే తేలింది ఏమిటి? ముందుకు చూసే కిరణానికి పెద్ద ఇబ్బంది లేదు. అక్కడ గాలి బొడిపెను అంటుకునే పారుతుంది, వంకర ఉన్నా చాలావరకు స్థిరంగా ఉంటుంది, స్థిరమైనదాన్ని కళ్లద్దాలు పెట్టినట్టు సరిచేయొచ్చు. నెత్తి మీదికి వచ్చేసరికి మాక్ 0.55 దాటాక కొత్త సమస్య పుడుతుంది. విమానం వేగం ధ్వని కన్నా తక్కువే, కానీ బొడిపె మీదుగా ఎక్కేటప్పుడు గాలి వేగం పెరిగి అక్కడికక్కడ ధ్వని వేగాన్ని దాటుతుంది, ఒక షాక్ ఏర్పడుతుంది, అది ముందుకూ వెనక్కీ ఊగుతూ ఉంటుంది. సాంద్రత ఒక్క గీత దగ్గర ఎగిరిపడే చోటు అది, కిరణం దాన్ని దాటాలి. ఇక వెనక్కి చూస్తే గాలి బొడిపెను వదిలేసి సుళ్లతో నిండిన తోకలా మారుతుంది, చెరుపు అన్నిటికన్నా ఎక్కువ ఉండేది అక్కడే. వెంటపడుతున్నదాన్ని చూడాల్సిన దిక్కూ అదే.

సరిచేయడానికి ఖగోళ టెలిస్కోపుల్లో వాడే అడాప్టివ్ ఆప్టిక్స్ ఉంది కదా, ఉపరితలం మారే అద్దంతో వంకరకు ఎదురు వంకర వేయడం. నేల మీద నుంచి నక్షత్రాన్ని చూసేటప్పుడు వాతావరణం మారేది సెకనుకు వంద రెండు వందల సార్ల లెక్కలో, అద్దానికి సమయం ఉంటుంది. ఇక్కడ కెమెరా చదివి, కంప్యూటర్ లెక్కగట్టి, అద్దం కదిలేలోపు 0.1 మిల్లీసెకను పోయిందనుకోండి, ఆ లోపు సుడి 2 సెంటీమీటర్లు ముందుకు పోయి ఉంటుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, దాటిపోయిన సుడికి విరుగుడును ఇప్పుడొచ్చిన సుడి మీద వేస్తాం, ఒక్కోసారి వంకర తగ్గకపోగా పెరుగుతుంది. అందుకే గాలినే దారిలో పెట్టే ప్రయత్నాలు వచ్చాయి: టరెట్ ముందు వరసగా సన్నటి కడ్డీలు నిలబెట్టి పెద్ద సుళ్లను చిన్నవిగా తుంచడం, చిన్న రంధ్రాల్లోంచి గాలిని పీల్చి అది ఉపరితలాన్ని వదలకుండా చూడటం, లేదా సుళ్లు ఒకే లయలో పుట్టేలా తట్టి, తర్వాతది ఎప్పుడొస్తుందో ముందే తెలుసుకుని అద్దాన్ని సిద్ధంగా ఉంచడం. మూడోది వినడానికి విచిత్రంగా ఉన్నా చాలా తెలివైనది, ఎందుకంటే గాలిని ఆపలేకపోయినా దాన్ని ఊహించదగినదిగా చేస్తుంది.

ఆయుధాల గురించే ఇదంతా అనుకుంటే పొరపాటు. సోఫియా అనే టెలిస్కోపు విమానం 2022 సెప్టెంబరు దాకా ఎగిరింది, బోయింగ్ 747 పక్కన తలుపు తెరిచి, 2.5 మీటర్ల అద్దంతో 12 కిలోమీటర్ల ఎత్తు నుంచి ఆకాశాన్ని చూసేది. ఆ తెరిచిన తలుపు మీదుగా పరుగెత్తే గాలి నక్షత్రం బొమ్మను మసకచేసేది. అది ఎక్కువగా పరారుణ కాంతిలో పనిచేసింది కాబట్టి చాలావరకు తట్టుకుంది, పొడవైన తరంగాలకు ఈ గతుకులు తక్కువగా తగులుతాయన్న పాత లెక్కే.

మన దగ్గరికి వస్తే, 2025 ఏప్రిల్ 13న కర్నూలు దగ్గరి నేషనల్ ఓపెన్ ఎయిర్ రేంజ్‌లో డీఆర్‌డీవో వాహనం మీద అమర్చిన లేజర్ ఆయుధాన్ని పరీక్షించింది, దాని వెనక హైదరాబాదులో ఉన్న డీఆర్‌డీవో వారి చెస్ (సెంటర్ ఫర్ హై ఎనర్జీ సిస్టమ్స్ అండ్ సైన్సెస్) ప్రయోగశాల ఉంది. ఆ వార్త చూసి, దీన్నే విమానంలో పెడితే సరిపోతుంది కదా అని చాలామంది అనుకోవడం సహజం. నేల మీద ఆ లేజర్ ముందున్న గాలి, ఎండకు కాగి వణికే గాలి. విమానంలో పెడితే ముందుండేది వేల హెర్ట్జ్‌లో మారే గాలి. ఈ రెండూ వేరువేరు సమస్యలు, మొదటిది గెలిచినంత మాత్రాన రెండోది తేలికవదు. టరెట్ ఎక్కడ పెట్టాలి, ఏ కోణాలకు చెల్లుతుంది, ఏ వేగం దాటితే పనికిరాదు అన్నవి లేజర్ శక్తి ఎన్ని కిలోవాట్లు అన్నంత ముఖ్యమైన ప్రశ్నలు, వాటి గురించి మాట్లాడేవాళ్లు మాత్రం తక్కువ.

వాటికి జవాబు చెప్పే కొలతకు బ్రహ్మాండమైన సరంజామా అక్కర్లేదు. రెండు చిన్న జెట్లు, 30 సెంటీమీటర్ల టరెట్, కొద్దిపాటి ఆకుపచ్చ లేజర్, ఒక వేగవంతమైన కెమెరా, 50 మీటర్ల ఎడంలో చెదరకుండా ఎగరగల పైలట్లు. మరీ ఎత్తుకు ఎక్కాల్సిన పని కూడా లేదు. వంకర గాలి సాంద్రతతో పాటే పెరుగుతుంది కాబట్టి, 10 కిలోమీటర్ల ఎత్తులో కన్నా 5 కిలోమీటర్ల ఎత్తులో అదే మాక్ సంఖ్య దగ్గర సంకేతం ఇంచుమించు 1.8 రెట్లు బలంగా వస్తుంది, వణుకు నుంచి దాన్ని విడదీయడం ఆ మేరకు సులువవుతుంది, పై ఎత్తులకు ఎంతుంటుందో తర్వాత సాంద్రతల నిష్పత్తితో లెక్కకట్టుకోవచ్చు.